మన పాఠశాల పాత చిరునామా

పాఠశాల స్థాపన గురించి, తాటాకు పందిరి కింద మొదలైన తొలి తరగతి గురించి, స్థలదాతల ఔదార్యం గురించి నాకంటె పెద్దలు, అనుభవజ్ఞులు ఈ ప్లాటినం జూబిలీ సంచికలో వ్రాశారు. సంపాదక వర్గం వారు నాకు మాత్రం "చరిత్ర పాఠం చెప్పేవారు కనుక మీకు తోచిన విషయం వ్రాయండి" అని స్వేచ్ఛ ఇచ్చారు. నేను ఎన్నుకొన్న విషయం చూచి కొందరు ఆశ్చర్యపడవచ్చును. కార్యవర్గ సమావేశంలో చిట్టచివరి అంశంగా వచ్చి, తేనీటి కప్పులు వచ్చేసరికి వాయిదా పడిన చిన్న ప్రశ్న అది. మన పాఠశాలకు గల పాత వెబ్‌సైటు పేరును ఇక వదలుకొందామా, ఉంచుకొందామా?

కోశాధికారి గారి లెక్క సూటిగానే ఉన్నది. కొత్త పేరు ఒకటి ఉన్నది. పాత పేరు ఎవరూ వాడడం లేదు. అటువంటప్పుడు ఏటేటా దానికి రుసుము కట్టడం దేనికి? ఆ సొమ్ముతో ఒక బల్లనైనా బాగు చేయించవచ్చును కదా అన్నారు. సంస్థ ధనాన్ని తన ధనం కంటె జాగ్రత్తగా చూచే మనిషి ఆయన. ఆయన మాట తీసివేయదగినది కాదు. ఆనాడు నేను బదులు చెప్పలేక ఊరకున్నాను. చెప్పవలసినది అప్పటికి నాకే స్పష్టంగా లేదు.

బరంపురం వాసులకు చిరునామా మారడం కొత్త సంగతి కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు మన ఊరు మద్రాసు రాజధానిలోనిది. ముందటి రాత్రి మద్రాసు రాజధానిలో నిద్రించినవారు తెల్లవారి లేచేసరికి ఒరిస్సా వాసులైనారు. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, ఇంట్లో మాట్లాడే భాషా మారలేదు. కవరు మీది ఒక్క పంక్తి మారింది. తరువాత 2011లో ఒరిస్సా "ఒడిశా" అయినది. ఊరి పేరు ఒకరు బరంపురమనీ, ఒకరు బెర్హంపూర్ అనీ, ఒకరు బ్రహ్మపుర అనీ వ్రాస్తారు. ఇది చాలదన్నట్లు పశ్చిమ బెంగాలులో ఇదే ధ్వని గల పట్టణం మరొకటి ఉన్నది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చిన తరువాత 76తో మొదలైతే మనదనీ, 74తో మొదలైతే వారిదనీ తేలింది. అయినను ఉత్తరాలు అప్పుడప్పుడు అక్కడికి యాత్ర చేసి వస్తూనే ఉంటాయి.

ఇన్ని మార్పులలోనూ తపాలా వారు మనకు చేసిన ఉపకారం ఒకటి ఉన్నది. పాత పేరు వ్రాసిన ఉత్తరాన్ని వారు తిప్పి పంపలేదు. "ఒరిస్సా" అని వ్రాసిన కవరు నేటికీ మన గుమ్మం చేరుతుంది. వీధి తెలిసిన పోస్టుమాను ఉన్నంతకాలం పాత చిరునామాకు ప్రాణం ఉంటుంది. అంతర్జాలంలో అటువంటి పోస్టుమాను లేడు. అక్కడ పేరు ఉన్నట్లయితే ఉత్తరం చేరుతుంది. పేరు పోతే తిరిగి వస్తుంది. ఆ పేరు మరొకరి చేతిలో పడితే, మన ఉత్తరం వారికి చేరుతుంది. ఈ మూడవ సంగతి మా సమావేశంలో ఎవరికీ స్ఫురించలేదు.

ఈ పేర్ల వ్యవస్థ ఎట్లా పుట్టిందో క్లుప్తంగా చెప్పుకొందాము. కంప్యూటర్లు ఒకదానినొకటి సంఖ్యలతో గుర్తుపడతాయి. మనుష్యులకు సంఖ్యలు గుర్తుండవు కనుక పేర్లు పెట్టారు. మొదటి రోజులలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆమె పర్యవేక్షణలో ఈ పేర్ల పట్టిక ఉండేది. ఎవరైనా కొత్త కంప్యూటరు చేర్చుకొంటే ఆ కార్యాలయానికి తెలియజేయవలెను. వారు పట్టికలో ఎక్కిస్తారు. మన పాఠశాలలో అడ్మిషన్ రిజిస్టరు నడిపే తీరు ఇదే. పట్టిక పెరిగిపోయి ఒకచోట మోయలేనిది అయినప్పుడు, 1983లో పాల్ మొకపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు నేటి డొమైన్ పద్ధతిని రూపొందించాడు. ఒక్క పెద్ద రిజిస్టరుకు బదులు ఊరికొక రిజిస్టరు, పైన వాటన్నిటికీ ఒక సూచిక అన్నమాట. డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి తోకలు 1985 నుండి వాడుకలోకి వచ్చాయి. ఫైన్లర్ గారు ఆ తొలినాటి కాగితాలను పారవేయనీయక దాచి, తరువాత కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియమునకు అప్పగించారు. చరిత్ర చెప్పుకొనేవారికి ఆమె చేసిన రెండవ పని మొదటిదానికంటె తక్కువది కాదు.

భారతదేశపు తోక అయిన డాట్ ఇన్ 1989లో వచ్చింది. అయితే నిబంధనలు బిగువుగా ఉండడం వలన 2004 దాకా దానిలో నమోదైన పేర్లు 7,000 మాత్రమే. 2005 జనవరిలో ద్వారాలు తెరిచారు. మన పూర్వ విద్యార్థులు కొందరు పాఠశాల కోసం పేరు తీసికొన్నది 2004లో. కాబట్టి వారికి డాట్ ఆర్గ్ సులభమైనది. ఆ పేరు పొడవైనది, నడుమ "తెలుగు" అనే మాట ఉన్నది. ఆ మాటను ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయడంలో పదిమందిలో నలుగురు తప్పుతారు. 2017లో కొత్త వెబ్‌సైటు చేయించినప్పుడు, చిన్నదిగా ఉండాలని ఊరి పేరుతో డాట్ ఇన్ తీసికొన్నాము. పేరు పొట్టిదైనది. నడుమనున్న ఆ మాట జారిపోయింది. ఆనాడు ఆ నిర్ణయానికి చేయి ఎత్తినవారిలో నేనూ ఉన్నాను. ఆ మాట జారిపోతున్నదని నాకు అప్పుడు తట్టలేదు.

పేరు వదలుకోవడం గురించి ప్రపంచ చరిత్రలో ఏమున్నదో వెదకినప్పుడు నన్ను ఎక్కువగా ఆకర్షించినది యుగోస్లావియా ఉదంతం. తొమ్మిదవ, పదవ తరగతులకు ప్రపంచ చరిత్ర చెప్పినవారందరికీ ఆ దేశం తెలుసును. టిటో, నెహ్రూ, నాసర్ కలిసి నిలిచిన ఛాయాచిత్రం మన సాంఘికశాస్త్రం గది గోడమీద చాలాకాలం ఉండేది. ఆ దేశానికి 1989లో డాట్ వై.యు. అనే తోక లభించింది. దాని నిర్వహణ స్లొవేనియాలోని విద్యాసంస్థల చేతిలో ఉండేది. రెండేళ్లు తిరగకుండానే, 1991 జూన్‌లో, స్లొవేనియా స్వతంత్రం ప్రకటించుకొన్నది. ఇల్లు పంచుకొన్నప్పుడు ఇంటి పేరు పలక విడిపోయిన తమ్ముని సంచిలో ఉండిపోయినట్లయింది. స్లొవేనియాకు తన సొంత తోక వచ్చింది. అయినను పాత తోక కొంతకాలం అక్కడనే ఉన్నది. 1992లో ఐక్యరాజ్యసమితి విధించిన ఆంక్షలలో శాస్త్ర సాంకేతిక సహకారం కూడ చేరడంతో బెల్‌గ్రేడ్‌లోని విద్వాంసులు అంతర్జాతీయ సంబంధాలు తెగి ఉండిపోయారు. చివరకు 1994లో ఆ తోక బెల్‌గ్రేడ్ విశ్వవిద్యాలయానికి బదిలీ అయింది. అక్కడ దాని బాధ్యత వహించినది మిర్యానా టాసిచ్ అనే మహిళ.

తరువాత కథ మరింత విచిత్రమైనది. 2003లో "యుగోస్లావియా" అనే పేరునే ఆ దేశం వదలుకొన్నది. సెర్బియా-మాంటెనీగ్రో అయింది. 2006లో ఆ రెండూ విడిపోయాయి. దేశం పటంలో లేదు, దాని తోక మాత్రం కంప్యూటర్లలో బ్రతికి ఉన్నది. సెర్బియాకు కొత్త తోక సిద్ధమై 2008 మార్చిలో నమోదులు మొదలైనప్పుడు, పాత తోక కింద 32,000కు పైగా పేర్లున్నాయి. తరలిపోవడానికి గడువు ఇచ్చారు. 2009 మధ్యకు నాలుగు వేల పైచిలుకు మిగిలాయి. అవి కదలలేదు. గడువు ఒకసారి పొడిగించారు. 2010 మార్చి 30న తోక మొత్తం తొలగించారు.

కదలని ఆ నాలుగు వేలలో ఎక్కువ భాగం పట్టించుకోనివారివే అయి ఉండవచ్చును. కాని కదలినవారి పాత పుటలన్నీ కొత్త ఇంటికి చేరాయా? చేరలేదు. ఒక దేశం ముక్కలవుతున్న పదేళ్లలో అక్కడి విద్యాసంస్థలు, సంఘాలు, వ్యక్తులు వ్రాసుకొన్న పుటలకు దారి మూసుకొన్నది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుండి భద్రపరుస్తున్న ప్రతులలో కొన్ని దొరుకుతాయి. కాని అక్కడ వెదకాలంటే చాలావరకు పాత చిరునామా తెలిసి ఉండాలి. చిరునామాయే మరచిపోయినవారికి ఆ భాండాగారం తాళం ఉండీ తాళంచెవి లేని పెట్టె.

దీనికి ఎదురు ఉదాహరణ కూడ చెప్పవలెను, లేకున్న కోశాధికారి గారికి అన్యాయం చేసినదాననవుతాను. అమెరికాకు దూరాన గల చిన్న చిన్న ద్వీపాల కొరకు డాట్ యు.ఎమ్. అనే తోక ఉండేది. దానిని చూచుకొంటున్న దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ సంస్థ ఇక తమకు వద్దని చెప్పగా 2007 జనవరిలో తొలగించారు. దాని కింద పేరు వాడుకొనేవారు లేరు. ఎవరికీ నష్టం కలుగలేదు. అటువంటి పేరును వదలుకోవడమే సబబు. మరొక ప్రక్క సోవియట్ యూనియన్‌కు 1990 సెప్టెంబరులో ఇచ్చిన డాట్ ఎస్.యు. ఉన్నది. ఆ దేశం మరుసటి సంవత్సరం డిసెంబరులోనే అంతరించినా, తోక కింద లక్ష ప్రాంతం పేర్లతో అది కొనసాగుతూ వచ్చింది.

ఈ మూడింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు నాకు ఒక సంగతి తెలియవచ్చింది. "వాడుకలో లేదు" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మనము వాడడం లేదనుట ఒకటి. మనలను ఆ పేరున పిలిచేవారు లేరనుట వేరొకటి. మా సమావేశంలో మొదటిది మాత్రమే చూచి రెండవదానికి తీర్మానం వ్రాయబోయాము.

రెండవదానిని పరిశీలించాలని పాత ఈ-మెయిలు పెట్టె తెరవబోయాను. సంకేతపదం కార్యాలయంలో ఎవరికీ తెలియదు. 2004లో పేరు నమోదు చేసిన పూర్వ విద్యార్థి ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. ఫోను చేస్తే "టీచర్‌గారూ, అది ఇంకా నా పేరుమీదనే ఉందండీ, గుమస్తాగారు ఏటా డబ్బు పంపిస్తే నేనే కడుతున్నాను" అన్నాడు. అతనికి ఏదైనా అయినా, అతని ఫోను నంబరు మారినా పేరు దానంతట అదే పోయేదన్నమాట. రెండు రోజుల తరువాత సంకేతపదం పంపాడు.

పెట్టెలో ప్రకటనలు కొల్లలు. వాటి నడుమ మూడు ఉత్తరాలు నన్ను ఆ పూట అన్నం ముట్టనీయలేదు. సూరత్‌లో మరమగ్గాల పనికి వెళ్లిన కుటుంబంలోని ఒక తల్లి, మన పాఠశాలలో ఏడవ తరగతి వరకు చదివినది, పుట్టిన తేదీ ధ్రువపత్రం కోసం వ్రాసింది. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో పేర్చి, ఎవరిచేతనో టైపు చేయించినట్లున్నది. పదునాలుగు నెలలనాటి ఉత్తరం. ఆమె దగ్గరున్న టి.సి. మీద ముద్రించి ఉన్నది పాత చిరునామాయే. ఆ శీర్షిక గల కాగితాలు మనం 2017 దాకా వాడాము. రెండవది ఒక పూర్వ విద్యార్థి ఉద్యోగం విషయంలో చదువు సరిచూడమని వచ్చినది. బదులుకు పది దినముల గడువు. నేను చూచేసరికి నాలుగు నెలలు గడిచాయి. మూడవది ఒక వృద్ధుడు పంపిన 1962 నాటి తరగతి ఛాయాచిత్రం. వెనుక వరుసలోని వారందరి పేర్లూ వ్రాసి, ముందు వరుసలో ఇద్దరి పేర్లు జ్ఞాపకం రావడం లేదని, తెలిసినవారుంటే చెప్పమని కోరారు. ఆ చిత్రం ఈ సంచికలోనే మరొక పుటలో ఉన్నది.

ఈ పెట్టె మన చేయి జారితే ఏమవుతుందన్నది ఊహాగానం కాదు. డాట్ ఆర్గ్ వంటి పేరు గడువు తీరి, నమోదుదారు రద్దు చేసిన తరువాత 30 దినములు విడిపించుకొనే అవకాశం, ఆపై 5 దినముల నిరీక్షణ ఉంటాయి. ఆ తరువాత అది సంతలో వస్తువు. ఎవరైనా కొనవచ్చును. కొన్నవారు మన పాత చిరునామాకు వచ్చే ప్రతి ఉత్తరాన్నీ అందుకోవచ్చును. సూరత్ తల్లి జతచేసిన ఆధార్ కాగితంతో సహా.

సాంకేతిక పరిజ్ఞానంలో పండినవారే ఇందులో పొరబడ్డారు. సెల్‌ఫోన్ల వెబ్‌సైట్ల కోసం డాట్ మోబి అనే తోక ఉన్నది. దాని కింద ఏ పేరు ఎవరిదో చెప్పే సమాచార కంప్యూటరు ఒక చిరునామా నుండి మరొక చిరునామాకు మారింది. పాత చిరునామా అవసరం తీరిందనుకొని వదిలారు. 2023 డిసెంబరులో గడువు తీరింది. 2024లో కొందరు భద్రతా పరిశోధకులు దానిని 20 డాలర్లకు కొని, ఎవరైనా వస్తారేమోనని చూశారు. కొద్ది రోజులలో 1,35,000కు పైగా కంప్యూటర్లు ఆ పాత గుమ్మానికి వచ్చి ప్రశ్నలు అడిగాయి. వాటిలో ప్రభుత్వాలవీ, విశ్వవిద్యాలయాలవీ ఉన్నాయి. ఇల్లు మారిన సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు. కొన్నవారు సజ్జనులు కనుక సంగతి బయటపెట్టి ఊరుకొన్నారు.

మన తల్లిదండ్రులకు బాగా తెలిసిన ఉదాహరణ ఇటీవలిదే. బ్యాంకుల పేరుతో జరిగే మోసాలను అరికట్టడానికి, దేశంలోని బ్యాంకులన్నీ "బ్యాంక్ డాట్ ఇన్" అనే తోకకు మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించి, అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ పేర్ల నమోదు బాధ్యత హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థకు అప్పగించారు. నేను జీతం తీసికొనే బ్యాంకు వెబ్‌సైటులో పాత పేరు టైపు చేశాను. అది నన్ను ఏమీ అనకుండా కొత్త గుమ్మం దగ్గరకు తీసికొనివెళ్లింది. అంత పెద్ద సంస్థకు పాత పేరు మీద మమకారం ఉండి కాదు. ఆ పేరు దొంగ చేతిలో పడితే ఏమవుతుందో వారికి తెలుసును.

మమకారం కొరకే పాత పేరు నిలబెట్టినవారూ ఉన్నారు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా సంస్థలో ప్రపంచపు మొదటి వెబ్‌సైటు పుట్టింది. వెబ్‌ను అందరూ ఉచితంగా వాడుకోవచ్చునని ఆ సంస్థ 1993 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఇరవై యేళ్ల తరువాత, 2013లో, ఆ మొదటి పుటను మొదటి చిరునామాలోనే తిరిగి నిలిపారు. అయితే వారికి చేతికందినది 1992 నాటి ప్రతి. ఎవరి వెబ్‌సైటు వారే దాచుకోకపోతే సెర్న్ అంతటి సంస్థ కూడ వెదుకులాడవలసి వస్తుంది. మన పాత వెబ్‌సైటులో 1950ల నుండి పనిచేసిన ఉపాధ్యాయుల జాబితా, పిల్లలు వ్రాసిన పద్యాలు, రెండు వార్షికోత్సవాల చిత్రాలు ఉండేవి. అవన్నీ తెలుగులోనే ఉండేవి. కొత్త వెబ్‌సైటులో ఇంగ్లీషు, ఒడియా ఉన్నాయి. తెలుగు పుట "త్వరలో" అని ఎనిమిదేళ్లకు పైగా చూపుతున్నది. ఇందుకు ఎవరినో అనడం దేనికి, ఆ పుట వ్రాయవలసినది నేనే.

కార్యవర్గం ముందు నేను పెట్టబోయే ప్రతిపాదన ఇది. ముందుగా పాత పేరును వ్యక్తి పేరునుండి సంస్థ పేరుమీదికి మార్చవలెను. ఒకేసారి పదేళ్లకు రుసుము కట్టవలెను, అంతకు మించి కట్టనీయరు. పాత పేరు టైపు చేసినవారు కొత్త వెబ్‌సైటు చేరేటట్లు, పాత పెట్టెకు వచ్చే ఉత్తరం గుమస్తాగారి బల్ల మీదికి వచ్చేటట్లు ఏర్పాటు చేయవలెను. ఎవరు ఎందుకు వ్రాస్తున్నారో ఒక రిజిస్టరు పెట్టవలెను. పదేళ్ల తరువాత ఆ రిజిస్టరు ఖాళీగా ఉంటే, అప్పటి కార్యవర్గం వారు పాత పేరును నిస్సంకోచంగా వదలవచ్చును. ముందుగా కోశాధికారి గారికి ఇదంతా చెప్పాను. ఆయన రుసుము పదిచేత గుణించి, కొంచెంసేపు చూచి, "రిజిస్టరు మాత్రం నిజంగా వ్రాయండమ్మా" అన్నారు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. 2004 నుండి 2017 వరకు నడిచిన పాత వెబ్‌సైటు పుటలను ఎవరైనా అచ్చుతీసి గాని, కంప్యూటరులో గాని దాచుకొని ఉంటే పాఠశాల కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాను. ముఖ్యంగా ఉపాధ్యాయుల జాబితా కావలసి ఉన్నది. 1962 చిత్రంలో ముందు వరుసలో ఎడమనుండి మూడవ, అయిదవ బాలుర పేర్లు తెలిసినవారు కూడ వ్రాయగలరు.

సూరత్ తల్లికి ధ్రువపత్రం గత మంగళవారం స్పీడు పోస్టులో పంపాము. కవరు మీద పాఠశాల పేరు కింద రెండు చిరునామాలూ వ్రాయించాను, పాతది పైన, కొత్తది కింద.